ముందు ఆర్డరు, తర్వాతే రాజీ

రాజమహేంద్రవరం

చిరంజీవి బుజ్జికి పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

నీ మెసేజీ చదివాను. ఫోన్లో చెప్పేంత చిన్న సంగతి కాదు కనుక ఉత్తరం రాస్తున్నాను, ఫైల్లో పెట్టుకో.

అమలాపురంలో వకాల్తా వేసిన మొదటి గృహహింస కేసే (డీవీసీ) ఇంత చిక్కుగా ఉందేమిటని దిగులు పడ్డావు. కేసులో చిక్కేమీ లేదు. భీమవరంలో అత్తవారిల్లు, కోనసీమలో పుట్టిల్లు, మధ్యలో వశిష్ఠ గోదావరి. ఆయన చెయ్యి చేసుకున్నాడు. ఈవిడ పిల్లాణ్ణి ఎత్తుకుని చించినాడ వంతెన దాటి వచ్చేసింది. నెల తిరక్కుండా ఆయన కాపురానికి రమ్మని హిందూ వివాహ చట్టం సెక్షను 9 కింద ఓ.పి. వేశాడు. మన రెండు జిల్లాల్లో ఈ కథకు పేర్లు మారతాయి గాని వరస మారదు. నీకు చిక్కనిపించింది మీ సీనియరుగారి మాట: "చిన్నవాళ్లు, రాజీ చేయించెయ్యమ్మా, పుణ్యం ఉంటుంది." ఆయనకు ఎదురు చెప్పకు. ఆ రాజీ ఏ కాగితం మీద ఉంటుందండీ అని మాత్రం అడుగు.

రాజీలు కుదిర్చేవాళ్లకు మన వైపు కొదవ లేదు. రామాలయం అరుగు మీద పెద్దమనుషులు ఒకసారి కుదురుస్తారు. స్టేషన్లో ఎస్సైగారు ఒకసారి కుదురుస్తారు. ఆపైన కోర్టు కౌన్సెలింగు, లోక్ అదాలత్. నీ దగ్గరికి వచ్చేసరికి ఆ అమ్మాయి కనీసం రెండు రాజీలు దాటే ఉంటుంది, అడిగి చూడు. ప్రతిసారీ వెనక్కి వెళ్లింది ఆవిడే. ఆయన "ఇక మీదట జరగదండి" అన్నాడు, అందరూ టీ తాగి లేచారు, ఆ మాటను ఎవరూ రాసి సంతకం పెట్టించలేదు.

కుటుంబ న్యాయస్థానాల్లో ఆడవాళ్ల మీద పక్షపాతం అనగానే మీ తరం వాళ్లు ఫలానా జడ్జిగారి నోటి మాట చెబుతారు. అదీ ఉంది. ఆడమనిషిని వేధించిన వాడికి ఆవిడ చేత రాఖీ కట్టించుకోమని షరతు పెట్టి మధ్యప్రదేశ్ హైకోర్టు బెయిలిస్తే, 2021 మార్చిలో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేయాల్సి వచ్చింది. కాని మనుషులను చూసే ముందు చట్టం తెరువు. 1984 ఫ్యామిలీ కోర్టుల చట్టం, సెక్షను 4. వివాహ వ్యవస్థను కాపాడి నిలబెట్టాలన్న పట్టుదల ఉన్నవారిని అక్కడ జడ్జిలుగా ఎంచుకోవాలని అందులోనే రాసి ఉంది. ఆ కిందే మహిళలకు ప్రాధాన్యం ఇవ్వాలనీ ఉంది. ఈ చట్టంలోనే సెక్షను 9 రాజీకి ప్రయత్నించడం కోర్టు బాధ్యత అంటుంది. కాపురం నిలబెట్టడమే ధర్మమని కుర్చీలో కూర్చున్న మనిషి, ఎంత మంచివారైనా, దెబ్బలు తిన్న మనిషి ఎదురుగా నిలబడితే ముందు కాపురం సంగతే అడుగుతారు. అందులో దుర్బుద్ధి ఉండనక్కర్లేదు. లేకపోవడం వల్లే దాన్ని పట్టుకోవడం కష్టం.

ఇంకో సంగతి నన్ను ఎప్పుడూ గుచ్చుతుంది. ఇలాంటి కోర్టులు కావాలని మన దేశంలో మొదట గట్టిగా అడిగిన మనిషి ఈ రాజమండ్రిలోనే పుట్టారు. దుర్గాబాయి దేశ్‌ముఖ్. 1953లో చైనా వెళ్లినప్పుడు అక్కడి కుటుంబ న్యాయస్థానాలు ఎలా పనిచేస్తున్నాయో చూసి, వచ్చాక జస్టిస్ చాగ్లాతో, జస్టిస్ గజేంద్రగడ్కర్‌తో మాట్లాడి, నెహ్రూగారి ముందు ప్రతిపాదన పెట్టారు. ఆవిడ 1981లో పోయారు, చట్టం మరో మూడేళ్లకు గాని రాలేదు. 1923 కాకినాడ కాంగ్రెసు సభలప్పుడు, టిక్కెట్టు లేదని ఎగ్జిబిషను గుమ్మం దగ్గర నెహ్రూనే ఆపేసిన కథ బడిపిల్లలకు కూడా చెబుతారు. నాకు అంతకన్నా పెద్దదిగా తోచే కథ వేరు. ఎనిమిదేళ్లకే ఆవిడకు పెళ్లి చేశారు. ఎదిగాక ఆ కాపురానికి వెళ్లనన్నారు. 1920ల్లో, మన గోదావరి జిల్లాల్లో! ఇంట్లోవాళ్లు ఆవిడ వెనక నిలబడ్డారు. ఆ నిలబడటం లేకపోతే ఆంధ్ర మహిళా సభ లేదు, రాజ్యాంగ సభలో ఆవిడ గొంతు లేదు. కాపురానికి వెళ్లనన్న మనిషి తలపెట్టిన కోర్టు, ఇవాళ కాపురానికి పంపడమే పనిగా పెట్టుకుంటే ఆవిడ ఏమనేవారో నువ్వే ఊహించుకో.

అందుకని నువ్వు మేజిస్ట్రేటు కోర్టు నుంచే మొదలుపెట్టు. గృహహింస చట్టం 2005లో వచ్చింది, 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. కాపురం ఉండాలా పోవాలా అని ఆ చట్టం అడగదు, ఈ మనిషికి ఇవాళ ఏం కావాలి అనే అడుగుతుంది. నాకు అందులో నచ్చేది అదే. ఆవిడ పుట్టింట్లో తాత్కాలికంగా ఉన్నా సెక్షను 27 ప్రకారం అమలాపురంలో వెయ్యొచ్చు. 12 కింద పిటిషనుతోపాటే 23 కింద మధ్యంతర ఉత్తర్వుకు అఫిడవిట్ పెట్టు. కొట్టకుండా, వెంటపడకుండా 18 కింద అడుగు. 19 కింద ఇల్లు, లేదా బదులుగా అద్దె. 20 కింద ఖర్చులు, 21 కింద పిల్లాడు. మొదటి విచారణ మూడు రోజుల్లో, మొత్తం అరవై రోజుల్లో తేల్చాలని చట్టంలో ఉంది. అంత తొందరగా తేలడం నువ్వు చూడబోవులే, అయినా ప్రతి వాయిదాకీ ఆ మాట మర్యాదగా గుర్తు చెయ్యి. ఇల్లు అత్తగారి పేరున ఉందండి అని కౌంటరు వస్తుంది. వాళ్లు కలిసి కాపురమున్న ఇల్లయితే పట్టా అత్తమామల పేరున ఉన్నా ఆవిడ నివాస హక్కు అడగొచ్చని 2020 అక్టోబరులో సతీశ్ చందర్ ఆహుజా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు కాపీ ఫైల్లో ఉండాలి.

మధ్యలో కౌన్సెలింగుకు పంపితే భయపడకు. ఈ చట్టం కింద 2006లో చేసిన రూల్సులో 14వ రూలు చదువుకుని వెళ్లు. ఎందుకు కొట్టాల్సి వచ్చిందో వివరించుకోవడానికి ఆ గదిలో ఆయనకు వీల్లేదు. "మాట వినదండి, అందుకే" అనే పాట అక్కడ చెల్లదు. ఇక మీదట చెయ్యి ఎత్తనని ఆయన హామీ కూడా ఇవ్వాలి. మన వాళ్లలో చాలామంది ఈ రూలు ఉందనే మర్చిపోతారు.

ఇక డ్రాఫ్టు. "శారీరకంగా, మానసికంగా చిత్రహింసలకు గురిచేశారు" అనే వాక్యం అన్ని పిటిషన్లలోనూ ఉంటుంది, జడ్జిగారి కళ్లు దాని మీద ఆగవు. ఏ రోజు, ఏ గదిలో, దేంతో, అప్పుడు ఇంట్లో ఎవరున్నారు, మర్నాడు ఏ ఆస్పత్రి ఓ.పి. చీటీ ఉంది, అవి రాయి. వాట్సాప్ మెసేజీలుంటే భారతీయ సాక్ష్య అధినియం 63 కింద సర్టిఫికెట్టు తోడు పెట్టు. బంగారం ఎన్ని కాసులో, ఏ వస్తువో, పెళ్లి వీడియోలో ఏది కనిపిస్తుందో విడివిడిగా రాయించు.

మన ప్రాంతంలో అసలు కథ పొలం దగ్గర ఉంటుంది. పసుపు కుంకుమ కింద ఆవిడకు రాసిచ్చిన కొబ్బరి తోట పెళ్లయిన రెండు మూడేళ్లకు అమ్మించి, ఆ డబ్బు రొయ్యల చెరువుల్లో పెట్టారా అని అడుగు. మొదట లేదంటుంది. రెండోసారి అడిగితే సంతకం పెట్టానంటుంది. గృహహింస చట్టం సెక్షను 3 దాన్ని ఆర్థిక హింస అంటుంది, దెబ్బల పేరా పక్కనే దానికీ ఒక పేరా కావాలి. భరణం దగ్గరికి వచ్చేసరికి ఆయన నాకేం ఆదాయం లేదండి, మేత అప్పులే మిగిలాయి అంటాడు. 2020 నవంబరులో రజనీశ్ వర్సెస్ నేహా తీర్పు వచ్చాక ఇద్దరూ ఆస్తి అప్పుల అఫిడవిట్లు వెయ్యాలి, భరణం పిటిషను వేసిన తేదీ నుంచే లెక్క. చెరువుల లీజు కాగితాలు, ఏరియేటర్ల కరెంటు బిల్లులు ఎవరి పేరున ఉన్నాయో కనుక్కో. పన్ను రిటర్నుల్లో కనపడని డబ్బు అక్కడ కనపడుతుంది.

ఒక్క హెచ్చరిక. హైదరాబాదులో ఉన్న ఆడపడుచును, మస్కట్లో ఉన్న మరిదిని కూడా లాగమని ఆవిడ అన్నయ్యలు నీ మీద పడతారు. ఒప్పుకోకు. తెలంగాణ నుంచి వెళ్లిన ఒక కేసులో 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు, ఎవరేం చేశారో చెప్పకుండా ఇంటిల్లిపాదినీ ముద్దాయిలను చేయడాన్ని గట్టిగా తప్పుపట్టి కేసు కొట్టేసింది. ఆ తీర్పును అవతలి వకీళ్లు ఇప్పుడు అన్ని కేసుల్లోనూ పట్టుకొస్తున్నారు. నిజంగా దెబ్బలు తిన్న మనిషి పిటిషను దాని కింద నలిగిపోకూడదు కదా.

నీ పార్టీయే నిన్ను కంగారు పెట్టొచ్చు. "తప్పు నాదీ ఉందేమో అక్కా" అంటుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో పెళ్లయిన ఆడవాళ్లలో 30 శాతం మంది భర్త చేతి హింస చూశామన్నారు. అదే సర్వేలో ఏదో ఒక కారణానికి భర్త కొట్టడం సబబేనన్న ఆడవాళ్లు నూటికి దాదాపు 84 మంది. బోనులో నిలబడ్డ అమ్మాయి మనసులోనూ ఆ మాటే ఉంటే క్రాసులో "పొద్దున ఎన్నింటికి లేచేదానివమ్మా, అత్తగారికి కాఫీ ఇచ్చేదానివా" అనగానే తలదించుకుంటుంది. వెంటనే లేచి అభ్యంతరం చెప్పు. ఇలాంటి మూస ఆలోచనలు తీర్పుల్లోకి రాకూడదనే సుప్రీంకోర్టు 2023 ఆగస్టులో జడ్జీల కోసం ఒక పుస్తకమే వేసింది. అది చేతిలో పెట్టుకుని లేస్తే నీకు ధైర్యంగా ఉంటుంది.

ఆయన వేసిన సెక్షను 9 కేసు గురించి ఆవిడ రాత్రిళ్లు నిద్రపోవడం లేదని రాశావు. ఆవిడకు చెప్పు: డిక్రీ వచ్చినా పోలీసులొచ్చి ఎత్తుకెళ్లి అత్తవారింట్లో దించరు. 1983లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జస్టిస్ పి.ఎ. చౌదరి, సినీనటి సరిత కేసులో ఈ సెక్షను రాజ్యాంగ విరుద్ధమని కొట్టేశారు. కడప కోర్టులో భర్త వేసిన కేసు అది. కాగితం మీద ఆ సెక్షను ఇద్దరికీ ఒకటే, కాని ఇష్టం లేని కాపురంలో గర్భం మోయాల్సింది ఆవిడేనని ఆయన చూశారు. మరుసటేడే సుప్రీంకోర్టు ఇంకో కేసులో ఆ అభిప్రాయాన్ని తోసిపుచ్చింది. నా మట్టుకు నేను ఇప్పటికీ చౌదరిగారి వైపే. ఇప్పుడు నీకు పనికొచ్చేది సుప్రీంకోర్టు 2025 జనవరి తీర్పు: కాపురానికి రమ్మన్న డిక్రీని పాటించలేదన్న ఒక్క కారణంతో భార్యకు భరణం ఎగ్గొట్టడానికి లేదు. చంటిపిల్లాడితో వాయిదా వాయిదాకీ భీమవరం తిరగలేనంటే, కేసు అమలాపురానికి మార్చమని హైకోర్టులో సి.పి.సి. 24 కింద పిటిషను వెయ్యండి.

ఫీజు ఇచ్చుకోలేనంటే మొహమాటపడకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థకు పంపు. ఆడవాళ్లకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది. అర్ధరాత్రి అవసరానికి 181 నంబరు ఆవిడ ఫోన్లోనే కాదు, వాళ్లమ్మ ఫోన్లో కూడా ఉండాలి. మధ్యంతర ఆర్డరు చేతికి రాగానే సర్టిఫైడు కాపీ ఒకటి స్టేషన్లో ఇచ్చి రసీదు తీసుకోండి. దాన్ని మీరితే గృహహింస చట్టం సెక్షను 31 కింద ఏడాది దాకా జైలు, 20 వేల దాకా జరిమానా అని ఆయనకు వాళ్ల వకీలు చెప్పే ఉంటాడు. అప్పుడు ఆయన మాట్లాడదాం అంటే కూర్చోండి, ఆవిడకు ఇష్టమైతేనే. ఇష్టం ఉందో లేదో అన్నయ్యలు పక్కన లేనప్పుడు అడుగు.

డ్రాఫ్టు టైపుకు ఇచ్చేముందు నాకు పంపు. తేదీ లేని పేరా కనపడితే తిప్పి పంపేస్తాను. మీ సీనియరుగారికి నా నమస్కారాలు.

ఆశీస్సులతో
పెద్దమ్మ