దేహమనే దేవుని వరం – పిల్లలకు మనమే చెప్పాలి



మన పిల్లలకు జపమాల నేర్పుతాం, ఎక్కాలు నేర్పుతాం, పెద్దలకు నమస్కరించడం నేర్పుతాం. కాని ఎనిమిదేండ్ల పాప “అమ్మా, నేను నీ పొట్టలోకి ఎలా వచ్చాను?” అని అడగగానే “పో, పోయి చదువుకో” అని కసురుతాం. బడిలో ఆ పాఠం వచ్చినప్పుడు “ఇంటి దగ్గర చదువుకోండి” అని పేజీలు తిప్పేసే ఉపాధ్యాయులూ ఉన్నారు. ఇంట్లో చెప్పక, బడిలోనూ చెప్పకపోతే ఇక మిగిలింది వీధిలోని స్నేహితులు, చేతిలోని సెల్‌ఫోన్. అక్కడ దొరికేది సగం అబద్ధం, సగం బూతు.

ఈ తెలియనితనం వల్ల కలిగే నష్టం చిన్నది కాదు. మళ్లీ ఆడపిల్లే పుట్టిందని కోడలిని ఆడిపోసుకునే అత్తవారిల్లు, పిల్లలు కలగని స్త్రీని ‘గొడ్రాలు’ అని పొడిచే నోళ్లు, మొదటి రక్తపు మరక చూసి తనకేదో పెద్ద జబ్బు వచ్చిందని వణికే పసిపిల్ల – ఈ మూడింటికీ వేరు ఒక్కటే. అందుకే ఈ వారం పాఠాన్ని తల్లిదండ్రులిద్దరూ కలిసి చదవండి.

1. తల్లి శరీరంలో

పొత్తికడుపులో మూత్రాశయానికి వెనుక గర్భాశయం ఉంటుంది. తలకిందులుగా పట్టుకున్న బేరిపండు ఆకారం దానిది. మామూలుగా సుమారు 7.5 సెంటీమీటర్ల పొడవు, 5 సెంటీమీటర్ల వెడల్పు. అంటే ఒక గుప్పెడంత. అదే సంచి నెలలు నిండేసరికి మూడు కిలోల బిడ్డను, మాయను, ఉమ్మనీటిని మోసేంతగా పెరుగుతుంది. కాన్పయిన ఆరు వారాలకు మళ్లీ దాదాపు పూర్వపు పరిమాణానికి వస్తుంది.

గర్భాశయానికి ఇరువైపులా బాదంకాయంత అండాశయాలు రెండు ఉంటాయి. వాటి దగ్గర నుంచి గర్భాశయానికి చేర్చే సన్నని గొట్టాలే అండవాహికలు. ఒక్కొక్కటి 10 నుంచి 12 సెంటీమీటర్ల పొడవు. గర్భాశయం అడుగున ముఖద్వారం, దాని కింద యోనిమార్గం ఉంటాయి. మూత్రం వచ్చే ద్వారం వేరు, బిడ్డ వచ్చే ద్వారం వేరు. ఈ తేడా ఆడపిల్లలకు స్పష్టంగా చెప్పాలి.

ఆడశిశువు పుట్టేటప్పటికే ఆమె అండాశయాల్లో 10 నుంచి 20 లక్షల అపరిపక్వ అండాలు ఉంటాయి. యుక్తవయసు నాటికి మూడు నాలుగు లక్షలు మిగులుతాయి. జీవితకాలంలో పక్వమై విడుదలయ్యేవి దాదాపు 400 మాత్రమే. అంటే మన అమ్మమ్మ కడుపులో మన అమ్మ ఉన్ననాడే మనకు మూలమైన అండం సిద్ధమైందన్నమాట!

ఈ విషయాలు కనిపెట్టినవారిలో శ్రీసభ బిడ్డలూ ఉన్నారు. అండవాహికలను వర్ణించిన 16వ శతాబ్దపు ఇటలీ వైద్యుడు ఫెల్లోపియో మోదెనా కతీడ్రలులో కానన్‌గా ఉన్నవాడు. ఆ గొట్టాలకు ఆయన పేరే నిలిచింది. స్త్రీలోనూ అండాలను తయారుచేసే అవయవం ఉందని 1667లో చెప్పిన డెన్మార్కు శాస్త్రజ్ఞుడు నికొలస్ స్టెనో తరువాత గురువై, మేత్రాణులయ్యారు. 1988లో రెండవ జాన్‌పౌల్ జగద్గురువులు ఆయనను ధన్యుడిగా ప్రకటించారు. శరీరాన్ని గురించి తెలుసుకోవడం పాపమైతే వీరు ఆ పనికి పూనుకునేవారా?

2. నెలసరి మైల కాదు

మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథి ఇచ్చే ఆజ్ఞతో ప్రతి నెలా సాధారణంగా ఒక అండం పక్వమవుతుంది. అండాశయం నుంచి వచ్చే ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ అనే రసాయనాలు గర్భాశయం లోపలి పొరను మందంగా, మెత్తగా తయారుచేస్తాయి. రాబోయే బిడ్డ కోసం పరుపు వేసినట్లన్నమాట. బిడ్డ రాకపోతే ఆ పరుపుతో పని లేదు కాబట్టి ఆ పొర రక్తంతో కలిసి బయటకు వచ్చేస్తుంది. ఇదే నెలసరి. మొత్తం పోయే రక్తం చాలామందిలో 30 నుంచి 40 మిల్లీలీటర్లే. పెద్దవారిలో 21 నుంచి 35 రోజులకొకసారి రావడం సహజం. మొదటి ఒకటి రెండేండ్లు ఆడపిల్లలకు తేదీలు తప్పుతుంటే వెంటనే కంగారు పడనక్కరలేదు.

బిడ్డకు ఊయల కాగల పొర మైల ఎలా అవుతుంది? ఆ రోజుల్లో గుడికి రాకూడదు, దివ్యసత్ప్రసాదం తీసుకోకూడదు అనే మాట ఇంకా కొన్ని ఇళ్లలో వినిపిస్తుంది. శ్రీసభలో అటువంటి నిషేధం లేదు. దాదాపు 1,400 ఏండ్ల కిందటే మహా గ్రెగోరీ జగద్గురువుల పేరిట ఇంగ్లాండుకు వెళ్లిన సమాధానాల్లో, నెలసరిలో ఉన్న స్త్రీని దేవాలయానికి రాకుండా ఆపరాదని ఉంది. పన్నెండేండ్లు రక్తస్రావంతో బాధపడిన స్త్రీ తన వస్త్రాన్ని తాకినప్పుడు మన ప్రభువు ఆమెను కసురుకోలేదు. కుమారీ అని పిలిచి సమాధానంతో పంపారు.

కనుక పాప పెద్దమనిషి కాకముందే, తొమ్మిది పదేండ్లకే, తల్లి ఈ సంగతి చెప్పాలి. శుభ్రమైన గుడ్డ గాని ప్యాడ్ గాని వాడడం, నాలుగు నుంచి ఆరు గంటలకొకసారి మార్చడం, గుడ్డలను ఉతికి చాటున కాక ఎండలో ఆరవేయడం నేర్పాలి. తండ్రి కూడా మొహం చాటేయకుండా, దుకాణానికి వెళ్లి కావలసినవి తెచ్చిపెట్టాలి.

3. తండ్రి శరీరంలో

పురుషునిలో రెండు వృషణాలు శరీరం వెలుపల సంచిలో ఉంటాయి. వీర్యకణాలు తయారు కావడానికి శరీర వేడికన్నా రెండు మూడు డిగ్రీలు తక్కువ కావాలి. అందుకే సృష్టికర్త వాటికి బయట చోటిచ్చాడు. ఒక వీర్యకణం తయారవడానికి సుమారు రెండున్నర నెలలు పడుతుంది. అవి శుక్రనాళాల గుండా ప్రయాణించి, ప్రోస్టేటు మొదలైన గ్రంథుల రసాలతో కలిసి వీర్యం అవుతాయి. వృషణాల నుంచే వచ్చే టెస్టోస్టెరాన్ వల్ల అబ్బాయిలకు గొంతు మారడం, మీసాలు రావడం జరుగుతుంది. ఆ వయసులో నిద్రలో వీర్యం పోవడం సహజమే. అది జబ్బు కాదు, నీరసం రాదు. ఈ ఒక్క మాట తండ్రి చెప్పకపోతే, గోడల మీద ప్రకటనలు రాసుకునే నకిలీ వైద్యులు చెప్పి డబ్బు గుంజుతారు.

4. ఆడా, మగా – ఎవరి చేతిలో?

దాంపత్య కలయికలో కోట్లాది వీర్యకణాలు బయలుదేరినా అండాన్ని చేరి దానితో ఏకమయ్యేది ఒక్కటే. విడుదలైన అండం 12 నుంచి 24 గంటలే నిలుస్తుంది. వీర్యకణం స్త్రీ శరీరంలో ఐదు రోజుల వరకు బ్రతకగలదు. అండవాహికలో మొదలైన ఆ కొత్త ప్రాణం దాదాపు వారంలో గర్భాశయం చేరి, ఆ మెత్తని పొరలో పాతుకుంటుంది.

ఇప్పుడు అసలు మాట. తల్లి అండంలో ఎప్పుడూ ఎక్స్ క్రోమోజోమే ఉంటుంది. తండ్రి వీర్యకణాల్లో దాదాపు సగం ఎక్స్, సగం వై. ఎక్స్ కలిస్తే ఆడబిడ్డ, వై కలిస్తే మగబిడ్డ. అంటే మగబిడ్డ పుట్టలేదని కోడలిని నిందించే అత్తగారు, ఆ లెక్కన తన కొడుకునే నిందించాలి! నిజానికి నింద ఎవరికీ తగదు. అది తండ్రి కోరి చేసేదీ కాదు. కడుపులో బిడ్డ ఆడో మగో చెప్పడం, చెప్పించుకోవడం మన దేశంలో 1994 చట్టం ప్రకారం నేరం.

పిల్లలు కలగకపోవడమూ అంతే. దాదాపు సగం జంటల్లో భర్త వైపు కూడా లోపం ఉంటుంది. ఏడాది గడిచినా గర్భం రాకపోతే దంపతులిద్దరూ కలిసి పరీక్ష చేయించుకోవాలి. భార్య వయసు 35 దాటితే ఆరు నెలలకే వెళ్లడం మేలు. భర్తకు వీర్యపరీక్ష తేలిక, ఖర్చు తక్కువ. అది చేయించకుండానే భార్యను ఆసుపత్రుల చుట్టూ, మొక్కుబడుల చుట్టూ తిప్పడం అన్యాయం.

5. ఈ లక్షణాలను దాచవద్దు

– అబ్బాయికి వృషణంలో అకస్మాత్తుగా తీవ్రమైన నొప్పి వస్తే తెల్లవారేదాకా ఆగవద్దు. అది మెలిపడి ఉంటే ఆరు గంటల్లోపు ఆపరేషను జరగాలి. లేకపోతే పాడైపోవచ్చు.

– ఆరు నెలలు నిండిన మగశిశువుకు వృషణం సంచిలోకి దిగకపోతే డాక్టరుకు చూపించాలి.

– నెలసరి ఆగిపోయిన పెద్దవయసు స్త్రీకి ఏడాది తరువాత మళ్లీ రక్తం కనబడితే, చుక్కయినా సరే, పరీక్ష తప్పనిసరి.

– దుర్వాసనతో తెల్లబట్ట, ప్రతి గంటకూ ప్యాడ్ తడిసేంత స్రావం ఉంటే ఆలస్యం చేయవద్దు.

– గర్భాశయ ముఖద్వార కాన్సరు రాకుండా 9 నుంచి 14 ఏండ్ల ఆడపిల్లలకు టీకా ఉంది. డాక్టరును అడగండి.

ఇంకొక మాట. తన శరీర భాగాలకు సరైన పేర్లు తెలిసిన బిడ్డ, ఎవరైనా తాకరాని చోట తాకితే తల్లికి స్పష్టంగా చెప్పగలుగుతుంది. సిగ్గుతో పెరిగిన బిడ్డ మౌనంగా భరిస్తుంది. బిడ్డకు మాట నేర్పడం కూడా కాపలాయే.

స్త్రీని, పురుషుని తన పోలికలో చేసిన దేవుడు ఏ అవయవాన్నీ సిగ్గుపడి చేయలేదు. మనం సిగ్గు వదిలి, మర్యాద వదలకుండా మాట్లాడుదాం.

కుటుంబంలో చర్చించుకోండి:

1. మన ఇంట్లో పిల్లలు ఇటువంటి ప్రశ్న అడిగినప్పుడు మనం ఏమి జవాబిచ్చాం?

2. ఆడబిడ్డ పుట్టినప్పుడు మన ఇంట్లో ఎవరి మనసైనా నొచ్చుకునేలా మాట్లాడామా? వారిని క్షమాపణ అడిగామా?

3. ఈ వారం అమ్మ కూతురికి, నాన్న కొడుక్కి ఏ ఒక్క విషయం చెప్పబోతున్నారు?