దూడ కాళ్లు వంకరపోతుంటే మేత చూడండి

కేంద్రానికి పోస్తే నాలుగు డబ్బులొస్తాయని చుక్క మిగల్చకుండా పాలు పిండేసి, దూడను గట్టి వరిగడ్డి మీద వదిలేసేవారు చాలామంది ఉన్నారు. ఆ నష్టం వెంటనే కనిపించదు. పడ్డ గిడసబారి ఆలస్యంగా ఎదకు వచ్చినప్పుడు, కటి ఎముకలు ఇరుకై ఈనలేక అవస్థపడినప్పుడు తెలుస్తుంది. అప్పటికి చేయగలిగింది తక్కువ.

ఎముక గట్టిపడేదెలా?

ఒంట్లోని కాల్షియంలో నూటికి 99 పాళ్లు, భాస్వరంలో 80 పాళ్ల వరకు ఎముకల్లో, పళ్లల్లోనే ఉంటాయి. పెరిగే దూడలో ముందు మెత్తని ఎముక ఏర్పడుతుంది. ఈ రెండూ చేరితేనే అది గట్టిపడుతుంది. అవి ఒంటబట్టడానికి విటమిన్ 'డి' కావాలి. ఎండ తగిలితే అది చర్మంలోనే తయారవుతుంది. మేతలో కాల్షియం భాస్వరంతో సమానంగా గానీ, రెట్టింపు వరకు గానీ ఉండాలి.

వరిగడ్డిలోని ఆక్జలేట్లు కాల్షియాన్ని ఒంటబట్టనివ్వవు. తవుడులో భాస్వరం ఎక్కువ, కాల్షియం బాగా తక్కువ. ఈ రెండే పెడితే పాళ్లు కుదరవు.

గుర్తుపట్టడం ఎలా?

కీళ్లు ఉబ్బుతాయి. ముందుకాళ్లు వంగుతాయి. వీపు గూనిగా లేస్తుంది. దూడ బిగుసుకుని కుంటుతూ నడుస్తుంది. మట్టి, గుడ్డలు నాకడం కూడా లవణాల లోపానికి గుర్తే. అయితే కడుపులో పాములున్నా మట్టి తింటుంది.

ఏం చేయాలి?

* పుట్టిన గంట, రెండు గంటల్లోపే జున్నుపాలు తాగించాలి. రోజుకు దూడ బరువులో పదో వంతు పాలు పట్టాలి. 30 కిలోల దూడకు 3 లీటర్లన్న మాట.
* రెండో వారం నుంచి కొద్దికొద్దిగా దాణా అలవాటు చేయాలి. 100 కిలోల దాణాకు మొక్కజొన్న 45, వేరుశనగ చెక్క 30, తవుడు 22, ఖనిజ లవణ మిశ్రమం 2, ఉప్పు 1 కిలో కలపవచ్చు.
* అలసంద, లూసర్న్, పిల్లిపెసర వంటి పప్పుజాతి పచ్చిమేతల్లో కాల్షియం, మాంసకృత్తులు రెండూ ఉంటాయి. గట్టు మీది అవిశ, సుబాబుల్ రెమ్మలైనా కొద్దిగా వేయండి.
* చీకటి కొట్టంలో కట్టేయకుండా పొద్దుటి ఎండలో కాసేపు వదలండి.
* గేదె దూడకు పదో రోజున పశువైద్యుని సలహాపై పాముల మందు తాగించండి.

కాళ్లు వంగుతున్నట్టు అనుమానం రాగానే పశువైద్యునికి చూపించండి. మొదట్లో అయితే మేత, మందులతో సరిదిద్దవచ్చు. ఎముక వంకరగానే ముదిరితే అది అలాగే నిలిచిపోతుంది. రేపటి పాడి ఈనాటి దూడ మేతలోనే ఉంది.