ఎవలోల్ల పిల్లగానివిరా?

జఫర్‌గఢ్‌లో కొత్త పిల్లవాడు కనబడితే పెద్దవాళ్లు అడిగే మొదటి మాట ఒకటే: "ఎవలోల్ల పిల్లగానివిరా?" వాడు బస్సు దిగి నడుస్తున్నా, ఖిల్లా దిక్కు నుంచి ఒంటరిగా వస్తున్నా, హోళీ సమయంలో జరిగే వేల్పుగొండ లక్ష్మీనరసింహస్వామి జాతరలో తప్పిపోయి ఏడుస్తున్నా ఈ ప్రశ్న ఎదురుకాక తప్పదు. వాడు తాత పేరో, మేనమామ ఇంటి గుర్తో చెప్తాడు. అడిగిన మనిషి కబురన్నా పెడతాడు, లేకుంటే వెంటబెట్టుకొని పోయి ఇంటికాడ దింపుతాడు. ఆ పిల్లవాడి తల్లి పొలంలో ఉన్నా, తండ్రి ఘన్‌పూర్‌లో ఉన్నా వాణ్ని కనిపెట్టే కళ్లకు కొదవ లేదు.

ఆ ఊరి నుంచి, ఘన్‌పూర్, పాలకుర్తి, జనగామ చుట్టుపక్కల నుంచి కొలువు కోసమో పిల్లల చదువు కోసమో బయలుదేరిన ఎన్నో కుటుంబాలు వరంగల్ రోడ్డు వెంటే వచ్చి హైదరాబాద్ శివార్లలోని ఉప్పల్, బోడుప్పల్, పీర్జాదిగూడ, మేడిపల్లిలో దిగాయి. ఊరి దారి బస్సు ఉప్పల్ రింగు రోడ్డులో దొరుకుతుందన్నది కూడా అక్కడ ఇల్లు చూసుకోవడానికి ఒక కారణం. 2016 అక్టోబరు 11న జిల్లాలు విడిపోయి జఫర్‌గఢ్ వరంగల్ నుంచి జనగామ జిల్లాలోకి వచ్చింది కానీ, ఈ కుటుంబాల రాకపోకలు ఎప్పటిలాగే ఉన్నాయి. దసరాకు ఊరు, పండుగ తెల్లారి మళ్లీ కిరాయి ఇల్లు. ఆ ఇంట్లో మూడేళ్లుగా ఉంటున్నా ఎదురు ఫ్లాటు వాళ్ల పేరు తెలియనివాళ్లు చాలామంది.

ఇక్కడ తల్లిదండ్రుల దినచర్య భయంతో మొదలై భయంతో ముగుస్తుంది. స్కూలు ఆటో ఆలస్యమైతే భయం. పిల్లాడు కిందికి దిగి పార్కింగులో ఆడుతుంటే బండ్ల భయం, టెర్రస్ ఎక్కితే పిట్టగోడ భయం. ఇవి ఉత్త అనుమానాలు కావు. 2020 సెప్టెంబరులో నేరేడ్‌మెట్ ప్రాంతంలో సైకిల్ మీద బయటికెళ్లిన పన్నెండేళ్ల పాప నాలాలో పడి చనిపోయింది. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబును వీధికుక్కలు చంపేశాయి. అదే ఏడాది ఏప్రిల్‌లో సికింద్రాబాద్ కళాసిగూడలో పాల కోసం వెళ్లిన పాప వాన నీళ్ల కింద తెరిచి ఉన్న నాలాలో పడి కన్నుమూసింది. ఈ వార్తలు చదివిన తల్లి తలుపు గడియ వేసుకుంటే ఆమెను ఎవరూ తప్పుపట్టలేరు.

కానీ గడియ వేశాక లోపల ఏం జరుగుతుందో కూడా చూడాలి. పిల్లవాడి చేతికి ఫోన్ వస్తుంది. రెండు నుంచి నాలుగేళ్ల వయసు పిల్లలు రోజుకు గంటకు మించి తెర ముందు కూర్చోకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఐదేళ్లు దాటినవాళ్లకు రోజుకు సగటున గంటసేపైనా ఒళ్లు అలిసే ఆట కావాలన్నది కూడా ఆ సంస్థ మాటే. రెండు పడకగదుల ఇంట్లో ఆ గంట ఆట ఎక్కడ దొరుకుతుంది? బయట ఆడనివ్వని ఇంట్లో ఫోన్ మీద పోట్లాట రోజూ తప్పదు, అందులో ఓడిపోయేది ఎక్కువగా అమ్మే. పిల్లల పెంపకం గురించిన సలహాలన్నీ ఈ పోట్లాట దగ్గరే ఆగిపోతాయి: ఫోన్ దాచండి, సమయం పెట్టండి, మీరు కూడా చూడకండి. మంచి సలహాలే. అయితే చిక్కు ఫోన్‌తో మొదలు కాలేదు. ఊళ్లో యాభై మంది చేసే పనిని నగరంలో ఇద్దరే, ఒక్కోసారి ఒక్కరే, చెయ్యబోవడంతో మొదలైంది. ఆ పని ఇద్దరి వల్ల కాదు. ఎంత ప్రేమ ఉన్నా కాదు. నగరంలో తల్లిదండ్రులు ముందుగా పెంచుకోవాల్సిన గుణం వాడకట్టుతో పరిచయం చేసుకునే చొరవ అని నేను గట్టిగా నమ్ముతాను. క్రమశిక్షణ, ఓపిక, సమయపాలన దాని తర్వాతే.

న్యూయార్క్‌లోని హడ్సన్ వీధిలో ఉండిన జేన్ జేకబ్స్ అనే రచయిత్రి 1961లో అమెరికా నగరాల గురించి రాసిన పుస్తకంలో ఒక సంఘటన ఉంది. ఆమె కిటికీలోంచి చూస్తుంటే వీధిలో ఒకతను ఎనిమిది తొమ్మిదేళ్ల పాపను తనతో రమ్మని బతిమాలుతున్నాడు, పాప కదలడం లేదు. తాను కల్పించుకోవాలా అని ఆమె ఆలోచిస్తుండగానే మాంసం కొట్టు యజమాని భార్య బయటికి వచ్చి నిలబడింది. పక్క దుకాణం నుంచి ఇంకొకరు, తాళాలు చేసేవాడు, పండ్ల కొట్టాయన, లాండ్రీ యజమాని, పై అంతస్తుల కిటికీల్లో మరికొందరు. ఆ పాపను ఈడ్చుకుపోవడానికి అక్కడ ఎవరికీ వీలు లేకపోయింది. చివరికి అతను పాప సొంత తండ్రేనని తేలింది. జేకబ్స్ చెప్పిన ఇంకో మాట మనకు మరీ పనికొస్తుంది: ఆ వీధివాళ్లంతా ఒకరికొకరు ప్రాణస్నేహితులు కారు, కానక్కరలేదు కూడా. ముఖాలు తెలిస్తే చాలు. పట్నంలో చుట్టరికం కలుపుకోవడానికి బిడియపడేవాళ్లకు ఇది పెద్ద ఊరట. ఎవరింట్లోకీ వెళ్లి కూర్చోనక్కరలేదు, మన ఇంటి సంగతులు విప్పనక్కరలేదు.

మరి ముఖాలు తెలిసేది ఎట్లా? పిల్లవాడితో కలిసి నడిస్తే తెలుస్తాయి. ఇంటి నుంచి స్కూలుకో ట్యూషన్‌కో ఉన్న దారిని బండి మీద కాకుండా కాలినడకన, ఆదివారం పొద్దున తీరిగ్గా నడవండి. మూత లేని మ్యాన్‌హోల్ ఎక్కడుంది, కుక్కలు గుంపుగా పడుకునే మలుపు ఏది, వాన పడితే నీళ్లు నిలిచే చోటు ఏది అన్నది పిల్లవాడికి చూపించండి, వాడికి తెలిసినవి వాణ్ని చెప్పనివ్వండి. మూత లేని గుంత కనబడితే ఫొటో తీసి మున్సిపల్ ఆఫీసుకు ఫిర్యాదు పెట్టండి, పెట్టినట్టు వాడికి తెలియనివ్వండి. ఆ దారిలోనే కిరాణం కొట్టు, ఇస్త్రీ బండి, మెడికల్ షాపు, వాచ్‌మన్ కుటుంబం ఉంటాయి. ఒక్కో చోట ఆగి, పిల్లవాణ్ని పక్కన నిలబెట్టి, మాట కలపాలి.

"అన్నా, వీడు మా బాబు. సాయంత్రం ట్యూషన్‌కు ఇటే పోతడు."

"అట్లనా? ఎవలోల్లో అనుకుంటున్న రోజూ చూసుకుంట. ఏ ఊరన్నా మీది?"

"జఫర్‌గఢ్."

"మాది నర్మెట. ఇంకేంది, పక్కూరోళ్లమే!"

నర్మెటకూ జఫర్‌గఢ్‌కూ నడుమ చాలా దూరమే ఉండొచ్చు గానీ, ఉప్పల్‌లో ఆ రెండూ పక్కూళ్లే. మాట ఇంతే. దీనికి రెండు నిమిషాలు పట్టదు. అయినా మనలో, ముఖ్యంగా తండ్రుల్లో, చాలామంది ఈ రెండు నిమిషాలు వెచ్చించరు. ఆడవాళ్లు కూరగాయల బండి దగ్గర, నల్లా దగ్గర ఈ పరిచయాలు ఎప్పుడో చేసుకుంటారు. మగవాళ్లు పొద్దున్నే బండెక్కి పోయి చీకటి పడ్డాక వస్తారు, గల్లీ వాళ్లకు హెల్మెట్‌గానే గుర్తుంటారు. పిల్లవాడి భద్రత తల్లి ఒక్కదాని పరిచయాల మీద ఆనుకుని ఉండడం న్యాయం కాదు. ఆటో డ్రైవర్‌తో నెల డబ్బులిచ్చేటప్పుడు తప్ప మాట్లాడని తండ్రి, ఆయన ఏ ఊరివాడో, పిల్లలేం చదువుతున్నారో ఒక్కసారి అడిగి చూడాలి. మనం పేరు పెట్టి పిలిచే మనిషి మన పిల్లలకు ఎక్కువ జవాబుదారీగా ఉంటాడు.

ఇక్కడ కష్టమైన సంగతి ఒకటుంది. కళ్లు పెరిగితే నోళ్లూ పెరుగుతాయి. ఊళ్లో పక్కింటి పెద్దమ్మ మన పిల్లాణ్ని గదమాయిస్తే అవ్వ, బాపు ఆమె వైపే మాట్లాడేవాళ్లు. నగరంలో మూడో అంతస్తు ఆంటీ "మెట్ల మీద అట్ల ఉరకొద్దు" అంటే చాలు, ఆ సాయంత్రం వాట్సాప్ గ్రూపులో యుద్ధం. మన బిడ్డను మనం తప్ప ఎవరూ అనకూడదంటే, మన బిడ్డను మనం తప్ప ఎవరూ చూసుకోకూడదని ఒప్పుకున్నట్టే. పరాయి మనిషి చెప్పిన మంచి మాటను పిల్లవాడి ముందు కొట్టిపారేయకుండా వినగలగడం తల్లిదండ్రుల వ్యక్తిత్వానికి గట్టి పరీక్ష. చెయ్యి లేపితే మాత్రం ఊరుకోకూడదు, అది వేరే సంగతి. బడిలో టీచరైనా కొట్టడానికీ, మానసికంగా వేధించడానికీ వీల్లేదని 2009 విద్యాహక్కు చట్టం పదిహేడో సెక్షన్ చెప్తోంది.

ఊరి ప్రశ్నలో అంతా మంచే ఉందని చెప్పను. "ఎవలోల్ల పిల్లగానివి" అన్నదాంట్లో చాలాసార్లు కులం ఆరా కూడా ఉండేది. జవాబు విన్నాక కొందరు పిల్లలకు మంచినీళ్లు దొరికేవి, కొందరు వాకిట్లోనే నిలబడేవాళ్లు. నగరంలో మనం ఆ ప్రశ్నను ఆ ఆరా లేకుండా అడగవచ్చు. ఏ ఇల్లు, ఏ స్కూలు, అమ్మానాన్న ఎక్కడ అని అడిగి ఆపేస్తే చాలు. కిరాయికి ఇల్లిచ్చేటప్పుడు కులం అడిగేవాళ్లు నగరంలో ఇంకా ఉన్నారు. కనీసం పిల్లల దగ్గరైనా ఆ ఆరా తియ్యకుండా ఉండగలగాలి.

పరిచయమంటే గుడ్డి నమ్మకం కూడా కాదు. పిల్లల మీద లైంగిక నేరాలను అరికట్టే 2012 నాటి పోక్సో చట్టం కింద నమోదయ్యే కేసుల్లో నిందితులు తొంభై శాతానికి పైగా పిల్లలకు తెలిసినవాళ్లేనని జాతీయ నేర గణాంకాలు చూపుతున్నాయి. అందుకే, తెలియనివాళ్లతో మాట్లాడొద్దని మాత్రమే చెప్పి ఊరుకుంటే సరిపోదు. తెలిసిన మనిషైనా ఒళ్లు తాకితే, రహస్యంగా ఉంచమంటే వద్దని చెప్పి వచ్చెయ్యమని, వచ్చి చెప్పమని నేర్పాలి. ఒంటరిగా ఉన్న పిల్లవాడికి చెప్పుకోవడానికి ఒకరిద్దరే ఉంటారు, వాళ్లు నమ్మకపోతే వాడికి దారి లేదు. అత్త, పైఇంటి అక్క, ట్యూషన్ టీచర్ ఇలా నలుగురు దగ్గరి పెద్దలుంటే నలుగురిలో ఒకరికైనా చెప్తాడు. ఆపదలో పిల్లలు ఫోన్ చేసే 1098 నంబరు కూడా వాడికి ఇంటి ఫోన్ నంబరులాగే నోటికి రావాలి.

ఇక పిల్లల నడక సంగతి. జపాన్‌లో చాలాచోట్ల ఒకే వాడకట్టు పిల్లలు పొద్దున్నే ఒక చోట కలుసుకుని, పెద్ద తరగతి పిల్లలు ముందూ వెనకా ఉండగా వరుసగా బడికి నడిచిపోతారు. దారిలో ఆపద వస్తే పరుగెత్తి వెళ్లగలిగే ఇళ్లకూ దుకాణాలకూ గుర్తుగా స్టిక్కర్లు అంటించి ఉంటాయి. బోడుప్పల్‌లో కిలోమీటరు దూరంలోని స్కూలుకు ఒకే కాలనీ నుంచి పదిమంది పిల్లలు పది బండ్ల మీద పోతుంటారు. ఐదిళ్లవాళ్లు మాట్లాడుకుంటే, రోజుకొకరు తోడు వస్తే వాళ్లూ నడవగలరు. పొద్దున ఇరవై నిమిషాల నడక, తిరిగి ఇరవై నిమిషాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అడిగిన గంటలో సగానికి పైగా అక్కడే తీరుతుంది.

మొదలుపెట్టడానికి బతుకమ్మ రోజుల కన్నా మంచి సమయం లేదు. ఏడాదంతా తలుపులు వేసుకున్న ఇళ్లవాళ్లు కూడా ఆ తొమ్మిది సాయంత్రాలు కిందికి దిగి, పార్కింగులో పూలు పేర్చి, పిల్లల్ని చుట్టూ వదిలేస్తారు. సద్దుల నాడు ఫొటోలు దిగి విడిపోయే ముందు, ఏ ఇంటి పిల్లలు ఏ స్కూలుకు ఎన్నింటికి బయలుదేరతారో అడిగి, కాయితం మీద రాసుకుని, నలుగురి ఫోన్ నంబర్లు తీసుకోండి. దసరా సెలవులయ్యాక బడి తెరిచిన రోజే నడక మొదలుపెట్టండి.