పుట్టగొడుగుల కూర: ఇంట్లో పెంచినవి, బయట ఏరినవి



"సిస్టర్, మా పేషెంటుకు పుట్టగొడుగుల కూర పెట్టవచ్చా?" అని వానాకాలం వచ్చిందంటే చాలామంది అడుగుతారు. పెట్టవచ్చు. అయితే అవి ఎక్కడి నుండి వచ్చాయో ముందు చూడాలి. ఇంట్లో పెంచినవి వేరు, గడ్డిలో ఏరినవి వేరు. ఈ తేడా ప్రాణానికి సంబంధించినది.

వీటిలో ఏముంది?

తాజా పుట్టగొడుగులో నూటికి 90 పాళ్లు నీరే. 100 గ్రాములలో సుమారు 3 గ్రాముల మాంసకృత్తులు, కొంత పీచు, బి విటమిన్లు ఉంటాయి. కొవ్వు చాలా తక్కువ. ఇది మంచి ఆహారమే కాని మందు కాదు. షుగరు, బి.పి. మాత్రలు మాని దీనిని నమ్ముకోకూడదు. ఎప్పుడూ బాగా ఉడికించి పెట్టండి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి, క్యాన్సరు చికిత్సలో ఉన్నవారికి డాక్టరుగారిని అడిగిన తరువాతే పెట్టాలి.

బయట ఏరేటప్పుడు

పుట్ట మీద గొడుగులా లేస్తుంది కనుక మన పెద్దలు దీనికి పుట్టగొడుగు అని పేరు పెట్టారు. చెదపురుగులు పుట్ట లోపల పెంచుకునే బూజు నుండి ఇవి వానలకు పైకి వస్తాయి. కాడ వేరులాగా పుట్ట లోతుకు దిగి ఉంటుంది. పల్లెల్లో అనుభవం ఉన్న పెద్దలు వీటిని గుర్తుపట్టగలరు.

2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం ప్రారంభమైన తరువాత ఈ ప్రాంతంలో ఎన్నో చేలు ప్లాట్లుగా మారాయి. రోడ్ల పక్కన, కాలనీలలో పచ్చిక పెంచుతున్నారు. అలాంటి పచ్చికలో లేచే ఒక విషపు రకం ఉంది. తెల్లని పెద్ద గొడుగు, దాని మీద గోధుమ రంగు పొలుసులు ఉంటాయి. లేతగా ఉన్నప్పుడు గొడుగు అడుగున మడతలు తెల్లగానే ఉండి, ముదిరాక ఆకుపచ్చగా మారతాయి. లేతవి కోసినవారు అందుకే మోసపోతారు. పని కోసం వేరే రాష్ట్రాల నుండి వచ్చినవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. సొంత ఊరిలో తిన్న రకంలాగే ఇక్కడ కనిపించేది మరొకటి కావచ్చు.

నమ్మకూడని మాటలు

- వెండి చెంచా నల్లబడకపోతే మంచివే.
- వెల్లుల్లి రంగు మారకపోతే విషం లేదు.
- పురుగులు తిన్నవి మనమూ తినవచ్చు.
- చింతపండు, పసుపు వేసి ఉడికిస్తే విషం పోతుంది.

ఇవేవీ నిజం కావు. ప్రాణం తీసే విషం ఎంత ఉడికించినా, ఎండబెట్టినా పోదు.

విషం ఎలా బయటపడుతుంది?

కొన్ని రకాలు తిన్న 1 నుండి 3 గంటలలో వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. కాలేయాన్ని పాడుచేసే విషం మాత్రం 6 గంటలు దాటాకే, ఒక్కొక్కసారి మరునాటికి, బయటపడుతుంది. ఆ తరువాత వాంతులు తగ్గి మనిషి తేరుకున్నట్టు కనిపిస్తాడు. "తగ్గిపోయింది కదా" అని ఇంటివారు ఊరుకుంటారు. ఆ సమయంలోనే లోపల కాలేయం చెడిపోతూ ఉంటుంది. రెండు మూడు రోజులకు కామెర్లు, మగత వస్తాయి. 2022 ఏప్రిల్‌లో అస్సాంలో అడవి పుట్టగొడుగులు తిని 13 మంది చనిపోయారు.

అనుమానం వస్తే ఏం చేయాలి?

- వెంటనే 108కి ఫోన్ చేయండి. తగ్గినట్టు కనిపించినా ఆసుపత్రికి రండి.
- ఆ కూర తిన్న ప్రతి ఒక్కరినీ, బాగానే ఉన్న పిల్లలతో సహా, తీసుకురండి.
- మిగిలిన కూర, వండని ముక్కలు కాగితంలో చుట్టి తెండి.
- ఎన్ని గంటలకు తిన్నారో, ఎప్పుడు వాంతి మొదలైందో రాసుకోండి.
- ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించకూడదు. నాటుమందు పోయకూడదు.

ఇంట్లో పెంచే పద్ధతి

ముత్యపు చిప్ప పుట్టగొడుగులను ఇంట్లో సులువుగా పెంచవచ్చు. మన దగ్గర వానాకాలం, చలికాలం వీటికి అనుకూలం. ఎండాకాలంలో పాల పుట్టగొడుగులు వస్తాయి. విత్తనం ఎక్కడ దొరుకుతుందో రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయంలో విచారించండి.

1. బూజు లేని ఎండు వరిగడ్డిని రెండు అంగుళాల ముక్కలుగా కోసి రాత్రంతా నానబెట్టండి.
2. నీరు మార్చి, బాగా వేడి నీటిలో గంటసేపు ఉంచండి. తరువాత ఆరబెట్టాలి. పిండితే నీరు కారకూడదు, చేతికి తడి మాత్రం తగలాలి.
3. చేతులు సబ్బుతో కడుక్కుని, పాలిథీన్ సంచిలో ఒక వరుస గడ్డి, ఒక వరుస విత్తనం నింపండి. మూతి కట్టి చిన్న రంధ్రాలు చేయండి.
4. చీకటి గదిలో 15 నుండి 20 రోజులు ఉంచితే సంచి అంతా తెల్లబడుతుంది.
5. తరువాత గాలి, కొంచెం వెలుతురు తగలనివ్వండి. రోజూ రెండు మూడు సార్లు నీరు చిలకరించండి. సుమారు వారంలో మొదటి కోత వస్తుంది.

ఆకుపచ్చ, నల్ల బూజు పట్టిన సంచిని ఇంటికి దూరంగా పారవేయండి. గొడుగు అంచులు పూర్తిగా విప్పారక ముందే కోయండి. ముదిరితే సన్నని పొడి గాలిలో కలిసి దగ్గు, ఆయాసం కలిగిస్తుంది. ఉబ్బసం ఉన్నవారు పడుకునే గదిలో ఈ సంచులు పెట్టకూడదు.

గుర్తుంచుకోండి

తెలియని పుట్టగొడుగును రుచి కూడా చూడవద్దు. తిన్న చాలా గంటల తరువాత మొదలైన వాంతులను తేలికగా తీసుకోవద్దు. పేషెంటుకు పెట్టే కూర ఇంటి సంచి నుండి గాని, నమ్మకమైన దుకాణం నుండి గాని రావాలి. ఈ పేజీని ఇంటికి తీసుకువెళ్లి ఇరుగుపొరుగు వారికి కూడా చదివి వినిపించండి.