బిచ్చిడి బావులు నేర్పిన పాఠం

రాజస్థాన్‌లోని ఉదయపూర్ దగ్గర బిచ్చిడి అనే ఊరు. 1980ల చివర్లో అక్కడ రంగుల తయారీకి వాడే హెచ్-ఆసిడ్‌ను ఉత్పత్తి చేశారు. వచ్చిన సరుకు సుమారు 375 టన్నులు, మిగిలిన బురద సుమారు 2,440 టన్నులు! దాన్ని ఆరుబయట పారబోశారు. కొంత మట్టిలో కలిసిపోయింది, కొంతచోట పైన కొత్త మట్టి కప్పారు. వాన పడ్డప్పుడల్లా ఆ విషం నేలలోకి ఇంకింది. బావిలో చేద వేస్తే నల్లబారిన నీళ్లు! తాగడానికే కాదు, పొలానికీ పనికిరాలేదు. భూగర్భజలం కంటికి కనిపించని దారుల్లో కదులుతుంది కనుక బురద ఎత్తేసినంత మాత్రాన శుద్ధి పూర్తి కాదు. పరీక్ష రాసేవారు ఈ శాస్త్రాంశాన్నే తరచూ వదిలేస్తారు.

ఈ కాలుష్యంపై 1996 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. రాసింది జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి, అంతకుముందు ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి. ‘కాలుష్యకారకుడే చెల్లించాలి’ అన్న సూత్రం ఇక్కడే బలపడింది: బాధితులకు పరిహారంతో పాటు నేలను, నీటిని బాగుచేసే ఖర్చూ పరిశ్రమదే. అంతకుముందు సుప్రీంకోర్టే విచారించిన ఓలియం వాయువు కేసులోని సంపూర్ణ బాధ్యత సూత్రమే (ప్రమాదకర పరిశ్రమ తన తప్పు ఉన్నా లేకున్నా నష్టం భరించాలి) దీనికి పునాది.

జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) అంచనా మేరకు ఖరారైన శుద్ధి ఖర్చు రూ.37.385 కోట్లు. అదీ కట్టకుండా ఏళ్లు గడిపారు. 2011లో కోర్టు 12 శాతం చక్రవడ్డీతో కట్టమంది. చక్రవడ్డీ అన్న మాట తప్పక గుర్తుంచుకోండి. జాతీయ హరిత ట్రైబ్యునల్ చట్టం, 2010లోని 20వ సెక్షన్‌లోనూ ‘కాలుష్యకారకుడే చెల్లించాలి’ అన్న సూత్రం ఉంది.