ప్రభుత్వం 'వ్యక్తి' అవుతుందా? బొర్రా నుంచి ఓక్లహోమా దాకా ఒక మాట కథ

చోడవరం నుంచి మాడుగుల దాటి పాడేరు ఘాట్ ఎక్కేవాళ్లకి రోడ్డు అదే, రాష్ట్రం అదే. కానీ ఏజెన్సీ మొదలైన దగ్గర్నుంచి భూమి చట్టం వేరు. కింద చెరకు పొలాన్ని ఎవరికైనా అమ్ముకోవచ్చు. పైన మాత్రం గిరిజనేతరుడు ఒక్క సెంటు కొన్నా ఆ అమ్మకం చెల్లదు. దీన్నే మనవైపు అందరూ '1/70 చట్టం' అంటారు. స్కూల్లో సివిక్స్ పుస్తకంలో 'ఐదో షెడ్యూల్' అని ఒక లైన్ చదివి వదిలేశాం కదా, దాని వెనక ఎంత కథ ఉందో చూద్దాం.

చట్టం ఏం చెప్తుంది?

రాజ్యాంగం ఐదో షెడ్యూల్ ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గిరిజనుల భూమి చేతులు మారకుండా గవర్నర్ రెగ్యులేషన్లు చేయొచ్చు. అలా వచ్చిందే 1959 నాటి భూ బదిలీ రెగ్యులేషన్. 1970లో దాన్ని బాగా గట్టిగా సవరించారు. ఆ సవరణ 1970లో 1వ రెగ్యులేషన్, అందుకే 1/70 అనే పేరు. అందులో ముఖ్యమైనవి రెండు.

1. ఏజెన్సీలో ఏ 'వ్యక్తి' అయినా, గిరిజనుడైనా కాకపోయినా, భూమిని గిరిజనుడికి గానీ, గిరిజనులే సభ్యులుగా ఉన్న సొసైటీకి గానీ తప్ప ఇంకెవరికీ బదిలీ చేయకూడదు.

2. గిరిజనేతరుడి చేతిలో ఏజెన్సీ భూమి ఉంటే, అది గిరిజనుడి నుంచే వచ్చిందని చట్టం ముందే అనుకుంటుంది. కాదని నిరూపించుకోవాల్సిన బాధ్యత ఆ గిరిజనేతరుడిదే.

కేసు

మనం పిక్నిక్‌కి వెళ్లే బొర్రా గుహల చుట్టుపక్కల, అనంతగిరి మండలంలో, ప్రభుత్వ భూముల్ని రాష్ట్ర ప్రభుత్వం గనుల కోసం ప్రైవేటు కంపెనీలకి లీజుకి ఇచ్చింది. 'సమత' అనే స్వచ్ఛంద సంస్థ కోర్టుకి వెళ్లింది. హైకోర్టు 1995లో పిటిషన్ కొట్టేసింది. కేసు సుప్రీంకోర్టుకి చేరింది.

ప్రభుత్వ వాదన సింపుల్: చట్టం ఆపింది 'వ్యక్తుల్ని', ప్రభుత్వం వ్యక్తి కాదు, కాబట్టి మా భూమిని మేం ఎవరికైనా ఇవ్వొచ్చు.

మన కోడ్‌లో అయితే వేరియబుల్ టైప్ ముందే డిక్లేర్ చేస్తాం, తేడా వస్తే కంపైలర్ ఎర్రర్ ఇస్తుంది. చట్టంలో ఆ సౌకర్యం ఉండదు. ఆ మాటలోకి ప్రభుత్వం వస్తుందో రాదో రెగ్యులేషన్ విడమరిచి చెప్పలేదు. జడ్జిలే తేల్చాలి.

1997 జులై 11న 2-1 తేడాతో తీర్పు వచ్చింది. జస్టిస్ కె. రామస్వామి, జస్టిస్ సగీర్ అహ్మద్ ప్రభుత్వం కూడా ఇక్కడ 'వ్యక్తే' అన్నారు. చట్టం ఉద్దేశం ఏజెన్సీ భూమి బయటివాళ్ల చేతికి పోకూడదని. ముందు తలుపు మూసి ప్రభుత్వం అనే వెనక తలుపు తెరిచి పెడితే చట్టం ఎందుకు? లీజు కూడా బదిలీయే కాబట్టి ఆ లీజులు చెల్లవు. జస్టిస్ జి.బి. పట్నాయక్ ఒప్పుకోలేదు. ఆ మాటలోకి ప్రభుత్వం రాదని విడిగా రాశారు.

అమెరికాలో ఏం జరిగింది?

అక్కడ కథ తిరగబడింది. 1887లో డాస్ చట్టం తెచ్చారు. తెగల ఉమ్మడి భూమిని ఒక్కొక్కరికీ ముక్కలు చేసి ఇస్తే వాళ్లు సొంత ఆస్తి ఉన్న పౌరులవుతారని ఆనాటి సంస్కర్తల నమ్మకం. వ్యక్తి స్వేచ్ఛ, ప్రైవేటు ఆస్తి అనే భావజాలం అది. మిగులు భూమి బయటివాళ్లకి పోయింది, ఇచ్చిన ముక్కలు కూడా చాలావరకు అమ్ముడుపోయాయి. తెగల చేతిలో 1887లో సుమారు 13.8 కోట్ల ఎకరాలుంటే, 1934లో ఆ పద్ధతి ఆపేసేసరికి మిగిలింది సుమారు 4.8 కోట్లు. 1/70 దేన్ని ఆపడానికి వచ్చిందో ఈ రెండు అంకెలు చూస్తే అర్థమవుతుంది.

ఇంకో మలుపు 2020లో. మెక్‌గర్ట్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, ఒప్పందాల్లో క్రీక్ తెగకి ఇచ్చిన ఓక్లహోమా ప్రాంతం పెద్ద నేరాల విచారణ విషయంలో ఇప్పటికీ రిజర్వేషనే అని 5-4తో చెప్పింది. తీర్పు రాసింది ట్రంప్ నియమించిన కన్జర్వేటివ్ జడ్జి నీల్ గోర్సచ్! ఆయన పద్ధతి చట్టంలో ఉన్న అక్షరాన్నే పట్టుకోవడం: రిజర్వేషన్‌ని రద్దు చేస్తున్నామని కాంగ్రెస్ ఎక్కడా రాయలేదు, కాబట్టి రద్దు కాలేదు. 2022లో ఇంకో కేసులో ఆ తీర్పు ప్రభావాన్ని అదే కోర్టు కొంత తగ్గించింది.

గమనించారా? మన దగ్గర అక్షరం దాటి ఉద్దేశాన్ని చూసిన జడ్జిలు గిరిజనుల వైపు వచ్చారు. అక్కడ అక్షరం వదలని జడ్జి తెగ వైపు వచ్చాడు. కాబట్టి 'లిబరల్', 'కన్జర్వేటివ్' అనే లేబుల్ చూసి తీర్పు ఊహించడం కష్టం.

ఎదురు ప్రశ్న

1/70 వల్ల గిరిజన రైతుకి కూడా తన భూమిని నచ్చినవాళ్లకి అమ్ముకునే స్వేచ్ఛ లేదు కదా? నిజమే. కొనేవాళ్లు తక్కువైతే రేటూ తక్కువే. ఆ నష్టం చిన్నదేం కాదు. కానీ పూర్తి స్వేచ్ఛ ఇస్తే ఏమవుతుందో పై లెక్క చెప్పింది. అప్పు, పెళ్లి, జబ్బు లాంటి అవసరంలో ఉన్నవాడు అమ్మేది స్వేచ్ఛతోనా, గత్యంతరం లేకనా?

తర్వాత

2001లో బాల్కో కేసులో సుప్రీంకోర్టే సమతా తీర్పు సరైనదా అని సందేహం వెలిబుచ్చింది, కానీ దాన్ని కొట్టేయలేదు. ఇంకో దారి మిగిలే ఉంది: ప్రభుత్వ సంస్థ తానే తవ్వితే? 2015లో చింతపల్లి వైపు బాక్సైట్ కోసం ఏపీఎండీసీకి అటవీ భూమి ఇస్తూ వచ్చిన జీవో 97 ఆ దారిదే. మన్యంలో గట్టి వ్యతిరేకత వచ్చింది, 2019లో అది రద్దయింది.

కాబట్టి ఇక మీదట ఏజెన్సీ గనుల వార్త కనపడితే హెడ్‌లైన్ దగ్గర ఆగకండి. లీజు ఎవరి పేరు మీద ఉందో చూడండి. ప్రైవేటు కంపెనీ పేరుంటే సమతా తీర్పు గుర్తు తెచ్చుకోండి. ప్రభుత్వ కార్పొరేషన్ పేరుంటే, గ్రామసభని అడిగారా అని 1996 పెసా చట్టం, 2006 అటవీ హక్కుల చట్టం తీసి చూడండి.