కార్ఖానాలో వృథాను అరికట్టు చీటీ పద్ధతి

వ్యవసాయపు పనిముట్లు తయారుచేయు షెడ్డులు నడుపు సోదరులారా! మీ షెడ్డులో ఒక మూల గుట్టగా పడియున్న విడిభాగములను చూచి, చేతిలో సరుకున్నదని మీరు ధైర్యపడుచుండవచ్చును. ఆ గుట్టలో మీ రొక్కము తుప్పు పట్టుచున్నది.

కోనోవీడర్లు చేయు ఒక షెడ్డుకు నేను ఖరీఫు కాలమున వెళ్ళితిని. చక్రములు నడుమెత్తు గుట్టగా ఉన్నవి గాని వాటికి పిడులు లేవు. శ్రీ పద్ధతిలో నాటిన 10-12 రోజులకే వీడరు నడపవలెను గదా! రైతులు రెండు మారులు తిరిగి, మూడవ మారు రాలేదు. తీరా పిడులు వచ్చిన తరువాత చూడగా, చక్రపు రంధ్రము ఇరుసుకు పట్టదు. మొదటి చక్రములోని తప్పే గుట్ట అంతట ఉన్నది. ఇనుము వడ్డీకి తెచ్చినది. పనివానిని నిందించి ప్రయోజనము లేదు. ఖాళీగా కూర్చుండవద్దని యజమానియే చెప్పియుండెను.

ఈ చిక్కు పెద్ద కంపెనీలకును తప్పలేదు. 1949లో జపానులో కార్ల అమ్మకములు పడిపోగా టయోటా కంపెనీ అప్పులపాలయ్యెను. 1950లో సమ్మె జరిగి, అధ్యక్షుడు కిఇచిరో టయోడా రాజీనామా చేసెను. అక్కడి యంత్రశాలను చూచుచుండిన తైఇచి ఓనో, అవసరమునకు మించి తయారుచేయుటయే అన్నిటికన్న పెద్ద వృథాయనియు, మిగిలిన వృథాలను అది కప్పిపుచ్చుననియు తేల్చెను. అమెరికా సూపర్ మార్కెట్లలో కొనువారు తీసికొనిపోయిన మేరకే అరలు మరల నింపుదురు. ఓనో 1953లో ఈ రీతిని తన యంత్రశాలలో పెట్టెను. 1962 నాటికి అది కంపెనీ అంతట వ్యాపించెను. దీని గుర్తు ఒక చీటీ. జపాను భాషలో దానిని ‘కాన్‌బాన్’ అందురు. అనగా సూచిక పలక.

జపాను పద్ధతి వరిసాగు 1950వ దశకములోనే మన చేలకు వచ్చినది. అక్కడి కార్ఖానా పద్ధతి మన షెడ్డుకు రాగూడదా?

చక్రములను పెట్టెకు 15 చొప్పున సర్దవలెను. ప్రతి పెట్టెకు ఒక చీటీ కట్టి, దానిపై వస్తువు పేరు, సంఖ్య, ఎచట చేయవలెనో, ఎచటికి చేర్చవలెనో వ్రాయవలెను. బిగించువాడు పెట్టెలోని మొదటి చక్రమును తీయగానే ఆ చీటీని చక్రములు చేయువాని వద్దనున్న మేకుకు తగిలించవలెను. చీటీ వచ్చినచో 15 చక్రములు చేయవలెను, ఒక్కటియు ఎక్కువ చేయరాదు. మేకుకు చీటీ లేనిచో చక్రముల పని ఆపి, యంత్రమునకు నూనె పెట్టుటయో, పిడుల పనికి సాయపడుటయో మేలు. ఇది మన యజమానులకు మింగుడుపడని మాట యని ఎరుగుదును. రంధ్రము సరిపోని చక్రమును పెట్టెలో వేయనే రాదు.

చీటీలెన్ని? రోజుకు 15 వీడర్లు బిగించినచో, వీడరుకు రెండు చొప్పున 30 చక్రములు కావలెను. చీటీ తగిలించినది మొదలు పెట్టె నిండి వచ్చుటకు 2 రోజులు పట్టుననుకొన్న 60. ఆలస్యములకు అందులో నాలుగవ వంతు, అనగా 15 కలిపిన 75. పెట్టెకు 15 గనుక 5 చీటీలు చాలును.

రెండు వారములు సాఫీగా నడిచినచో ఒక చీటీ తీసివేయవలెను. అప్పుడు ఎచటనో పని ఆగును. యంత్రము మొరాయించుటయో, ఇనుము ఆలస్యముగా వచ్చుటయో బయటపడును. బయటపడుటకే తీయుచున్నాము. ఆ లోపమును సరిచేసి, పిదప మరియొకటి తీయవలెను.

అయితే ఈ పద్ధతి ప్రతిరోజు ఇంచుమించు ఒకే పరిమాణమున సాగు పనికే ఇముడును. వీడర్ల గిరాకీ నాట్ల తరువాత కొద్ది వారములే. కనుక అమ్మకమునకు కావలసిన వీడర్లను సీజనుకు ముందునుండియే రోజుకిన్నియని సమముగా బిగించి, లెక్క తెలిసి నిలువచేయవలెను. చీటీలు విడిభాగములకే.

మరియొక ప్రమాదము కలదు. 1997 ఫిబ్రవరి 1న జపానులోని కరియాలో ఐసిన్ సేకి కర్మాగారము తగులబడగా, బ్రేకులకు వాడు ఒక చిన్న వాల్వు అందక టయోటా కార్ల తయారీ చాలవరకు కొన్ని రోజులు ఆగిపోయెను. మీ ఇనుపరేకు దూరపు పట్టణమున ఒకే దుకాణము నుండి వచ్చుచున్నచో, దాని చీటీలను మాత్రము తగ్గింపకుడు.